రెండు చొక్కాలు

ఆగస్టులో కూడా రెండు చొక్కాలు తొడుక్కునేవాణ్ణి.
లోపలిది బిగుతు, పైది వదులు.
తిబిలీసి ఎండకి మినీబస్సు స్టీరింగు
పెనంలా కాలుతుంటే
"చలేస్తోందా ఎల్గుజా?" అని
దీదుబే స్టాండులో పొద్దుతిరుగుడు గింజలమ్మే ముసలామె కూడా నవ్వేది.

సీటుబెల్టు నాకు బద్ధశత్రువు.
సరిగ్గా నడిమిన దిగి
ఇటొకటి అటొకటి విడదీసి లోకానికి చూపించేది.
పోలీసు కనబడితేనే పెట్టుకునేవాణ్ణి,
పెట్టుకొని, పైన పేపరు పరుచుకునేవాణ్ణి.

పద్నాలుగో ఏట మొదలైంది.
కొబులేతి గులకరాళ్ళ తీరాన
చొక్కా విప్పిన ఒకే ఒక్క మధ్యాహ్నం
క్లాసు కుర్రాళ్ళు నాకో ఆడపేరు పెట్టారు.
ఆ పేరు ఇక్కడా చెప్పను.
మాకాకే చెప్పలేదు, పెళ్ళయి పాతికేళ్ళు.

రొమ్ము విరుచుకొని నడవరా అనేవాడు డ్రిల్లు మాస్టారు.
విరిస్తే ఏం బయటపడుతుందో ఆయనకేం తెలుసు.
వానలో ఉత్తరం దాచుకున్నవాడిలా
భుజాలు ముందుకు మడిచి నడవడం నేర్చాను.
వెన్ను అలాగే గట్టిపడిపోయింది.

తర్వాత షుగరొచ్చింది.
రొట్టె మానేశాను, వైను మానేశాను,
మా దగ్గర వైను మానడమంటే చుట్టాల్ని మానడమే.
నలభై రెండు కిలోలు పోయాయి.
పొట్ట పోయింది, గడ్డం కింది మడత పోయింది,
పెళ్ళి ఉంగరం జారి సింకులో పోయింది.
అవి మాత్రం పోలేదు.
పిండకుండా తీగ మీద వేసిన మేజోళ్ళలా
నేల చూపులు చూస్తూ వేలాడాయి.

డాక్టర్ నాతెలా నన్ను పడుకోమనలేదు, నిలబడమంది.
"పడుకుంటే అబద్ధం చెప్తాయి."
ఊదారంగు కలంతో, దర్జీ సుద్దముక్కతో గీసినట్టు,
ఎక్కడ కోస్తుందో, ఎంత తీస్తుందో,
చనుమొనని ఎన్ని వేళ్ళ ఎత్తుకి జరుపుతుందో గీసింది.
గీస్తున్నంతసేపూ అద్దంలోకి చూడలేదు నేను.
"స్పర్శ తిరిగి రాకపోవచ్చు. చదివి సంతకం పెట్టండి."

స్పర్శ అన్న మాట దగ్గర ఆగిపోయాను.

బార్బారే పుట్టిన పదో రోజు
మాకాకి జ్వరమొచ్చి మళ్ళీ ఆసుపత్రిలో చేర్చుకున్నారు.
ఆ రాత్రి కరెంటు లేదు. పిల్ల సీసా పట్టదు.
ఏడ్చి ఏడ్చి కందిపోయిన దాన్ని
చొక్కా విప్పి గుండెకి ఆనించుకున్నాను.
వెతుక్కుంది. పాలు లేవని తెలుసుకుంది.
అయినా జరగలేదు.
ఆ మెత్తటి చోటే చెంప ఆనించి
తెల్లారేదాకా నిద్రపోయింది.
తలుపు చప్పుడైతే గబగబా చొక్కా లాక్కున్నాను,
దొంగతనం చేసినవాడిలా.

సంతకం పెట్టాను.

కుడివైపు మూడొందల పది గ్రాములు, ఎడమవైపు రెండొందల ఎనభై.
కొట్లో వెన్న తూచినట్టు చెప్పింది నర్సు.
రెండు గొట్టాలు, వాటికి రెండు సీసాలు,
ఆరు వారాలు విప్పకూడని బిగుతు బనీను.
దాని మీద చొక్కా.
మళ్ళీ రెండు! నవ్వబోతే కుట్లు లాగాయి.

నవంబరులో గంధకపు స్నానాలకి వెళ్ళాను,
పుట్టిపెరిగిన ఊళ్ళో మొదటిసారి.
అందరూ ముక్కు మూసుకునే ఆ వాసన
కడుపునిండా పీల్చాను.
రుద్దేవాడు ఓమర్, డెబ్బై దాటినవాడు,
రాతిబల్ల మీద నన్ను వెల్లకిలా తిప్పి
గరుకు తొడుగు చేతిని మచ్చల దగ్గర ఆపాడు.
"యుద్ధమా?" అన్నాడు, గొంతు తగ్గించి.

అవునందామనుకున్నాను. నాలిక చివరిదాకా వచ్చింది.
"కాదు తాతా. కొలతలు సరిచేయించుకున్నా."
అతను కాసేపు చూశాడు. ఏమనుకున్నాడో,
డబ్బులడగని సబ్బు ఇంకో చేరెడు రాశాడు.

వేడినీళ్ళు గుమ్మరించాడు.
భుజాలకి తెలిసింది, మెడకి తెలిసింది,
ఎడమవైపు ఒకచోట మాత్రం
పసిపిల్ల చెంప పట్టేంత మేర
ఏమీ తెలియలేదు.

"ఇంకో బకెట్ పొయ్యి," అన్నాను.